బడి మంచిచెడ్డలు: తెలుగు నేలపై రెండు శతాబ్దాల కొలమానాలు

ప్రాథమిక పాఠశాల మంచిదో కాదో తేల్చడం పైకి తేలికగా కనిపించినా, విద్యాచరిత్రలో అది మొదటి నుంచీ తెగని వివాదంగానే ఉంది. బడికి ఎంతమంది వస్తున్నారు, పంతుళ్లు ఎందరు, గదులు ఎన్ని అన్నవి లెక్కకు వెంటనే అందుతాయి. వచ్చిన పిల్లవాడు చదివినదాన్ని ఎంతవరకు గ్రహించాడన్నది మాత్రం అంత త్వరగా అందదు. అందువల్ల బడికి డబ్బిచ్చేవారు ఏ కాలంలోనైనా తమకు సులువుగా అందే కొలతనే ఎంచుకున్నారు, బడి కూడా ఆ కొలతకు తగ్గట్టు తన రూపాన్ని మార్చుకుంటూ వచ్చింది. 1822 నాటి మన్రో విచారణ మొదలుకొని 21వ శతాబ్దిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పరిశోధనల వరకు తెలుగు ప్రాంతాల అనుభవాన్ని వరుసగా పరిశీలిస్తే, అర్థగ్రహణం అనే ప్రశ్న పదేపదే మరుగున పడుతూ, పదేపదే మళ్లీ ముందుకు వస్తూ ఉండిన వైనం తెలుస్తుంది.

ప్రభుత్వ తనిఖీలు లేని కాలంలోనూ బడిమీద విచారణ లేకపోలేదు. ఊరిలో ఒక ఇంటి అరుగు మీదనో, గుడి మండపంలోనో, పంతులుగారి పంచలోనో నడిచిన వీధిబడిలో పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్ది, గుణింతాలు, ఎక్కాలు వల్లెవేసి, శతక పద్యాలు కంఠస్థం చేసి, చివరకు ఉత్తరాలు, దస్తావేజులు చదవడం, వడ్డీ లెక్కలు, కొలతల లెక్కలు కట్టడం నేర్చుకునేవారు. పంతులుకు జీతమిచ్చేది తల్లిదండ్రులే గనుక ఆయన పనిని కొలిచేదీ వారే: కొడుకు ధాన్యం లెక్క తప్పు లేకుండా చెప్పగలిగితే, ఇంటికి వచ్చిన పత్రాన్ని చదివి వినిపించగలిగితే ఆ బడి మంచిబడి. దసరా రోజుల్లో పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని, చేతుల్లో విల్లంబులతో, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ తిరిగే ఆచారం పంతులుకు సంభావనలు, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కించే వేడుక మాత్రమే కాదు. ఏడాదిపాటు బడిలో ఏం నేర్పారో ఊరంతటి ముందు ప్రదర్శించే సందర్భం కూడా. అయితే ఈ విచారణకు ఒక పెద్ద పరిమితి ఉంది. జీతమివ్వగల ఇళ్ల మగపిల్లలకే అది చాలావరకు వర్తించింది. ఆడపిల్లలు, అంటరానివారుగా ఊరి వెలుపల ఉంచబడిన కులాల పిల్లలు ఆ లెక్కలోకే రాలేదు.

ఈ బడుల గురించి మొదటి విస్తృత ప్రభుత్వ విచారణ మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఆదేశంతో జరిగింది. దత్తమండలాలలో, అంటే నిజాం ఈస్టిండియా కుంపెనీకి వదిలిన బళ్లారి, కడప, కర్నూలు తదితర ప్రాంతాలలో, చాలాకాలం పనిచేసిన మన్రో 1822 జూన్‌లో ప్రతి కలెక్టరు తన జిల్లాలోని బడులను, పిల్లలను కులాలవారీగా, మగ ఆడ వివరాలతో లెక్కించి పంపాలని కోరాడు. ఆ నివేదికలన్నిటినీ క్రోడీకరించి 1826 మార్చిలో ఆయన రాసిన మినిట్, అంటే గవర్నరు తన అభిప్రాయాన్ని నమోదు చేసే అధికారిక పత్రం, మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారని తెలిపింది. వారిలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. ఇళ్లలో చదువుకునేవారిని కూడా కలుపుకుంటే బడియీడు మగపిల్లలలో మూడోవంతుకు దగ్గరగా ఏదో ఒక రూపంలో చదువు అందుకుంటున్నారని ఆయన అంచనా వేశాడు. ఈ సంఖ్యలు బడి ఎంత వ్యాపించిందో చెప్పగలిగాయి గాని, బడిలో ఏం జరుగుతున్నదో చెప్పలేకపోయాయి.

ఆ లోటును కొంతవరకు పూరించినది బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక. 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఈ అధికారి తన జిల్లాలోని 533 బడులలో 6,641 మంది చదువుతున్నారని, వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు అని లెక్క చెప్పి ఊరుకోలేదు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు గౌరవ సూచకంగా రాయడం, రెండోవాడి చేతిలో సున్న చుట్టడం, ఆ తర్వాత వచ్చినవారికి వరుసగా దెబ్బలు పెంచుకుంటూ పోవడం వంటి వివరాలనూ, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే పద్ధతినీ ఆయన నమోదు చేశాడు. తక్కువ ఖర్చుతో రాత నేర్పే తీరును, పై తరగతివారు కింది తరగతివారికి బోధించే ఏర్పాటును మెచ్చుకున్నాడు. మద్రాసులో ఉన్నప్పుడు ఇసుకలో దిద్దే బడిని చూసి ఆండ్రూ బెల్ అనే విద్యావేత్త రూపొందించుకుని, 1797లో పుస్తకంగా ప్రకటించిన బోధనా విధానానికి మూలం కూడా ఇలాంటి వీధిబడే. కాని అదే నివేదికలో క్యాంప్‌బెల్ తీవ్రమైన లోపాన్నీ ఎత్తి చూపాడు. పాఠ్యంగా వాడే పద్యకావ్యాల భాష జనం మాట్లాడే భాషకు ఎంతో దూరంగా ఉండడం వల్ల పిల్లలు అర్థం తెలియకుండానే వాటిని అప్పజెబుతున్నారని, కంఠస్థం చేసే శక్తి పెరిగినంతగా గ్రహించే శక్తి పెరగడం లేదని ఆయన గుర్తించాడు. బడులు క్షీణించడానికి జనం పేదరికమే కారణమని, ఇంగ్లండు నుంచి దిగుమతయ్యే బట్టల వల్ల చేతిపనులవారి రాబడి పడిపోయిందని కూడా నిర్మొహమాటంగా రాశాడు. బడి నాణ్యతను తల్లిదండ్రుల ఆర్థిక స్థితితో ముడిపెట్టి చూసిన తొలి అధికారిక పత్రాలలో ఇది ఒకటి.

తర్వాతి మలుపు 1854 నాటి వుడ్ విద్యాపత్రంతో వచ్చింది. లండనులోని కుంపెనీ నియంత్రణ మండలి అధ్యక్షుడు చార్లెస్ వుడ్ పేరిట ప్రసిద్ధమైన ఈ ఆదేశం ప్రతి రాజధానిలోనూ విద్యాశాఖను, పాఠశాలలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ల వ్యవస్థను, ప్రైవేటు బడులకు షరతులతో సాయమిచ్చే గ్రాంటు పద్ధతిని నెలకొల్పమంది. మద్రాసులో ఎ.జె. అర్బత్‌నాట్ 1855లో తొలి విద్యాశాఖాధిపతి అయ్యాడు. ఆ కాలంలోనే గోదావరి మండలంలో సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ ప్రోత్సాహంతో నరసాపురం ప్రాంత గ్రామస్థులు తమ బడుల కోసం పన్ను కట్టడానికి ముందుకు రాగా, ఆ ఏర్పాటుకు చట్టబలం కల్పించేందుకు 1863లో మద్రాసు విద్యా చట్టం వచ్చింది. పన్ను కట్టే ఊరు బడి వ్యవహారంలో తనకూ మాట ఉండాలని కోరుకోవడం సహజం. కాని క్రమంగా బడి మంచిచెడ్డలను నిర్ణయించే అధికారం ఊరి నుంచి జారి, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఇన్‌స్పెక్టరు చేతిలోకి వెళ్లిపోయింది.

ఆ అధికారానికి పదునైన రూపమిచ్చింది ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే విధానం. దీని పుట్టుక ఇంగ్లండులో. అక్కడి విద్యా వ్యవహారాలకు బాధ్యుడైన రాబర్ట్ లో 1862లో అమలు చేసిన సవరించిన నియమావళి ప్రకారం, ఆరు తరగతుల స్థాయిలు నిర్ణయించి, ఇన్‌స్పెక్టరు ప్రతి పిల్లవాడినీ చదవడం, రాయడం, లెక్కలలో విడివిడిగా పరీక్షించేవాడు. పరీక్ష మీద ఆధారపడిన 8 షిల్లింగుల గ్రాంటులో పిల్లవాడు తప్పిన ఒక్కొక్క విషయానికి మూడోవంతు చొప్పున కోత పడేది. ప్రజాధనం వృథా కాకూడదన్న ఉద్దేశం మంచిదే. కాని ఆ బడులను స్వయంగా తనిఖీ చేసిన కవి, విమర్శకుడు మాథ్యూ ఆర్నల్డ్ తన నివేదికలలో ఈ పద్ధతి బోధనను యాంత్రికం చేస్తున్నదని హెచ్చరించాడు; ఏడాదంతా ఒకే వాచకాన్ని తిరగేసిన పిల్లలు దానిని గడగడా చదవగలిగినా కొత్త వాక్యం ముందు తడబడుతున్నారన్నది ఆయన అభ్యంతరాలలో ముఖ్యమైనది.

మద్రాసు రాజధాని ఈ విధానాన్ని 1860ల చివరి నాటికి తన ప్రాథమిక పాఠశాలలకు వర్తింపజేసింది. 1871 స్థానిక నిధుల చట్టం తర్వాత స్థానిక నిధుల మండలులూ దీనిని అందుకున్నాయి. వీధిబడి పంతుళ్లను ప్రభుత్వ పాఠ్యక్రమానికి అలవాటు చేయడానికి డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ల కింద ఇన్‌స్పెక్టింగ్ స్కూల్‌మాస్టర్లు అనే ఉద్యోగులు ఊళ్లు తిరిగేవారు. దీనివల్ల జరిగిన మేలు కాదనలేనిది: అంతవరకు ఏ సాయమూ ఎరుగని అరుగుబడి ప్రభుత్వ పద్దులోకి ఎక్కింది, పంతులుకు తల్లిదండ్రుల జీతానికి తోడు మరో ఆదాయం వచ్చింది. కీడు కూడా అంతే స్పష్టమైనది. పంతులు కుటుంబం తినే తిండి తనిఖీ రోజున పిల్లలు చెప్పే జవాబులమీద ఆధారపడినప్పుడు, ఆయన శ్రద్ధ అంతా పరీక్ష గట్టెక్కగల పిల్లలవైపు మళ్లడం, గట్టెక్కలేరనుకున్నవారు వెనుక వరుసకే పరిమితం కావడం అనివార్యం. ఇక్కడ కొలిచింది ఒక గీతను దాటారా లేదా అన్నదే గాని, ఎక్కడి నుంచి బయలుదేరి ఎంతదూరం వచ్చారన్నది కాదు. అక్షరం రాని ఇంటి నుంచి వచ్చి సగం దారి నడిచిన పిల్లవాడి ప్రయాణానికి ఆ పద్దులో విలువ లేదు.

విలియం హంటర్ అధ్యక్షతన 1882లో ఏర్పడిన భారత విద్యా కమిషన్ ప్రాథమిక విద్యను స్థానిక మండలులకు అప్పగించాలని, దేశీయ బడులను ఆదరించాలని, పాఠ్యక్రమాన్ని దేశీయ గణిత పద్ధతులకు, జమాఖర్చులకు దగ్గరగా సరళీకరించాలని సిఫారసు చేస్తూనే, ఫలితాలను బట్టి గ్రాంటును ప్రాథమిక స్థాయిలో కొనసాగించడానికి మొగ్గు చూపింది. ఇంగ్లండు 1890లలో ఆ పద్ధతిని వదిలించుకుంది. లార్డ్ కర్జన్ ప్రభుత్వం 1904 మార్చిలో ప్రకటించిన విద్యావిధాన తీర్మానం భారతదేశంలోనూ దానికి స్వస్తి చెప్పమంది. ఒక తరానికి పైగా నడిచిన ఈ ప్రయోగం పోయినా, ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకోసం బడిని సిద్ధం చేసే అలవాటు మాత్రం పోలేదు.

అర్థగ్రహణం ప్రశ్న ఈ దశలోనే, అదీ తనిఖీ వ్యవస్థ లోపలి నుంచే, మళ్లీ తలెత్తింది. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర సర్కారులలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుని బడులు తిరుగుతూ, పిల్లలు మాట్లాడే తెలుగుకూ వాచకాలలోని తెలుగుకూ ఇంత ఎడం ఎందుకున్నదని ఆరా తీశాడు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలోని గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి ఈ ప్రశ్నను చేపట్టడంతో అది వ్యావహారిక భాషోద్యమంగా విస్తరించింది. గిడుగు 1913లో ప్రచురించిన ఆధునికాంధ్ర భాషా విజ్ఞాపన పత్రం వెనుక, అంతకుముందే సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు తయారుచేసి బడులు నడిపిన అనుభవం ఉంది. సాహిత్య చరిత్రలో ఈ ఉద్యమాన్ని శైలీవివాదంగా చెప్పుకోవడం పరిపాటి అయినా, విద్యాచరిత్ర దృష్టితో చూస్తే అది బడి నాణ్యతకు కొత్త గీటురాయిని ప్రతిపాదించింది: పిల్లవాడు పాఠాన్ని అప్పజెప్పగలడా అని కాక, తన మాటల్లో తిరిగి చెప్పగలడా అని అడగాలన్నది ఆ గీటురాయి. క్యాంప్‌బెల్ తొంభై ఏళ్ల కిందట గుర్తించిన లోపానికి తెలుగువారే వెతుక్కున్న పరిష్కారం ఇది.

నిజాం పాలనలోని తెలంగాణలో ఇదే ప్రశ్న మరింత తీవ్రంగా ఎదురైంది. అక్కడ ప్రభుత్వ బడులలో ఉర్దూ ప్రాబల్యం వల్ల తెలుగు ఇళ్ల పిల్లలకు చదువు మొదటి మెట్టులోనే పరాయిదైంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభలు మాతృభాషలో ప్రాథమిక విద్యను ప్రధాన కోర్కెలలో ఒకటిగా చేసుకోవడానికి కారణం ఇదే. పిల్లవాడికి తెలియని భాషలో నడిచే బడికి గదులు, పంతుళ్లు, హాజరు అన్నీ ఉన్నా అది మంచిబడి కాజాలదని ఆ సభల వాదన సారాంశం.

బ్రిటిషు ఇండియాలో 1929 నాటి హర్టాగ్ కమిటీ మరో కొలతను తెచ్చింది. చదువు పూర్తి కాకుండానే పిల్లలు బడి మానేయడాన్ని వృథా అని, ఒకే తరగతిలో ఏడాదికి మించి ఉండిపోవడాన్ని స్తబ్ధత అని ఈ కమిటీ నిర్వచించింది. 1922-23లో ఒకటో తరగతిలో ఉన్న ప్రతి 100 మందిలో మూడేళ్ల తర్వాత నాలుగో తరగతికి చేరినవారు 20 మందిలోపే అన్న దాని లెక్క అందరినీ కలవరపరిచింది. నాలుగేళ్లయినా నిలకడగా చదివితే తప్ప అక్షరాస్యత నిలవదన్న అవగాహనతో, కొత్త బడులు తెరవడం కన్నా ఉన్నవాటిని బలపరచడం ముఖ్యమని, తనిఖీ సిబ్బందిని పెంచాలని కమిటీ సూచించింది. విస్తరణ ఆపితే బడిముఖం చూడని కోట్లాది పిల్లల గతి ఏమిటన్న జాతీయవాదుల ప్రశ్న కూడా న్యాయమైనదే. 1931 అక్టోబరులో లండనులో గాంధీజీ, యాభై నూరేళ్ల కిందటి కంటే ఇప్పుడే దేశంలో నిరక్షరాస్యత ఎక్కువని ప్రకటించినప్పుడు దానిని సవాలు చేసినది కూడా ఆ కమిటీ అధ్యక్షుడు ఫిలిప్ హర్టాగే. మన్రో కాలపు నివేదికలను పరిశోధకుడు ధర్మపాల్ 1983లో పుస్తకంగా ప్రచురించడానికి ప్రేరణ ఆ వాదమే.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం 45వ అధికరణం పదేళ్లలో 14 ఏళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య లక్ష్యంగా పెట్టడంతో, బడి అందుబాటే చాలాకాలం ప్రధాన కొలత అయింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, కనీస బోధన సామగ్రి ఉండాలని నిర్దేశించడాన్ని బట్టే అప్పటి ఏకోపాధ్యాయ పాఠశాలల స్థితి ఊహించవచ్చు. ఈ నేపథ్యంలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ప్రత్యేకంగా గుర్తించదగినది. చేస్తూ నేర్చుకోవడం, పిల్లల మధ్య తేడాలను గమనించి బోధించడం, స్థానిక పరిసరాలను పాఠంగా వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని తరగతి గోడలమీద ప్రదర్శించడం వంటి సూత్రాలను అది ఉపాధ్యాయ కేంద్రాల ద్వారా వ్యాప్తి చేసింది. తరగతి గది లోపల జరిగే పనినే నాణ్యతకు ఆనవాలుగా తీసుకున్న ప్రయత్నమది.

2009 విద్యాహక్కు చట్టం 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, తాగునీరు, మరుగుదొడ్లు వంటి ప్రమాణాలకు చట్టబలం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు-మన బడి పథకాలు భవనాల, వసతుల మెరుగుదలకు ఉద్దేశించినవి. ఈ వసతులు దయతో ఇచ్చేవి కావు, పిల్లలకు దక్కవలసిన గౌరవం. అయితే వసతులు ఉన్నంతమాత్రాన చదువు వస్తున్నదా అన్న సందేహాన్ని ప్రథమ్ సంస్థ 2005 నుంచి వెలువరిస్తున్న అసర్ నివేదికలు దేశం ముందుంచాయి. ఈ సర్వేలో స్వచ్ఛంద కార్యకర్తలు బడికి కాక ఇళ్లకు వెళ్లి, పిల్లల చేత అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు, తీసివేత, భాగహారం చేయిస్తారు. ఇంటివద్ద పరీక్షించడం వల్ల ఆ రోజు బడికి రాని పిల్లలూ, బడి మానేసిన పిల్లలూ లెక్కలోకి వస్తారు. గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లలలో సుమారు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారన్న నిజం, హాజరుపట్టీల వెనుక రెండు శతాబ్దాలుగా దాగిన ప్రశ్నను బట్టబయలు చేసింది.

ఫలితాలను బట్టి చెల్లింపు అనే పాత ఆలోచన కూడా 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలోనే కొత్త రూపంలో పరీక్షకు వచ్చింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నిర్వహించిన ఈ పరిశోధనలో లాటరీ పద్ధతిన ఎంచిన 100 పాఠశాలల్లో ఉపాధ్యాయులకు వ్యక్తిగతంగా, మరో 100 పాఠశాలల్లో ఉపాధ్యాయ బృందమంతటికీ కలిపి బోనసు ఇచ్చి, బోనసు లేని మరో 100 పాఠశాలలతో పోల్చారు. రెండేళ్లలో బోనసు పాఠశాలల పిల్లలు లెక్కలలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేరకు మెరుగయ్యారు. ప్రామాణిక విచలనం అంటే మార్కులు సగటుకు ఇరువైపులా ఎంత విస్తరించి ఉన్నాయో తెలిపే గణిత కొలత. 19వ శతాబ్ది పద్ధతికీ దీనికీ ఉన్న తేడాలే ఇందులో ముఖ్యమైనవి. ఇక్కడ గీత దాటినవారి సంఖ్యకు కాక పిల్లలందరి సగటు మెరుగుదలకు విలువ కట్టారు. పరీక్షను బయటివారు నిర్వహించారు. ప్రశ్నలలో వల్లెవేసి రాయగలవాటితో పాటు భావం తెలిస్తేనే రాయగలవాటినీ చేర్చగా, రెండింటిలోనూ మెరుగుదల కనిపించింది. అదే పరిశోధనలో భాగంగా, బోనసు లేకుండా పిల్లల బలహీనతలను వివరించే నివేదికలు మాత్రమే అందుకున్న పాఠశాలల్లో చదువు మెరుగుపడలేదు. కొలిచి చెప్పినంత మాత్రాన బడి మారదని, కొలత వెనుక ఉపాధ్యాయుడికి ఒక ప్రయోజనమో ఆసరానో ఉండాలని దీని సారం.

ఈ పరిశోధకులే ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి చేసిన మరో అధ్యయనం, ప్రభుత్వ బడిమీద సమాజం ఇస్తున్న తీర్పును పునరాలోచించమంటుంది. ప్రైవేటు బడిలో చేరడానికి ఫీజు చెల్లించే వోచర్లను లాటరీ ద్వారా కొందరు పేద పిల్లలకు ఇచ్చి నాలుగేళ్ల తర్వాత పరీక్షించగా, తెలుగులో, లెక్కలలో వారికీ, లాటరీలో వోచరు దక్కని పిల్లలకూ తేడా కనిపించలేదు. ప్రైవేటు బడులు ఈ రెండింటికీ తక్కువ సమయం కేటాయించి హిందీ వంటి ఇతర విషయాలు నేర్పాయి, ఒక్కో పిల్లవాడిమీద ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతుకన్నా తక్కువ ఖర్చు చేశాయి అన్నది నిజమే. అయినా ప్రైవేటు బడి పిల్లల మార్కులు పైకి ఎక్కువగా కనిపించడానికి చాలావరకు కారణం బడి కాదని, ఆ పిల్లల ఇంటి పరిస్థితులని ఈ అధ్యయనం తేల్చింది. పిల్లలు ఏ స్థితిలో వచ్చారో చూడకుండా మార్కులు మాత్రమే పోల్చి ప్రభుత్వ బడిని తీసిపారేయడం, కష్టమైన పని తలకెత్తుకున్నందుకే దానికి శిక్ష వేయడం అవుతుంది.

రెండు శతాబ్దాల ఈ చరిత్ర నుంచి బడి మంచిచెడ్డలు నిర్ణయించేవారు గ్రహించదగిన నియమాలు మూడు. కొలత లెక్కించడానికి సులువైనదాన్ని కాక నేర్చుకోవలసినదాన్ని పట్టుకోవాలి. చదివిన వాక్యాన్ని తన మాటల్లో చెప్పగలగడం ప్రాథమిక విద్యలో అన్నిటికన్నా పెద్ద ఫలితం. ఆ కొలత పిల్లలందరినీ, బయలుదేరిన చోటుతో సహా, లెక్కలోకి తీసుకోవాలి. లేకపోతే వెనుక వరుస పిల్లలు మళ్లీ పద్దులోంచి జారిపోతారు. కొలిచిన తర్వాత తెలిసిన లోపం ఉపాధ్యాయుడి చేతికి సాయంగా తిరిగి రావాలి గాని, నిందగా మాత్రమే మిగలకూడదు. 1823లో బళ్లారి కలెక్టరు, ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లకు యేట్స్, గిడుగు అడిగిన ప్రశ్నను ప్రతి తనిఖీలోనూ మొదటి ప్రశ్నగా నిలిపిన నాడే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు న్యాయమైన తీర్పు దక్కుతుంది. ఆ తీర్పు చెప్పే బాధ్యత ఇన్‌స్పెక్టరుతో పాటు, ఒకప్పుడు అరుగుబడిని తన కళ్లతో పరీక్షించిన ఊరిది కూడా.